చివరి ముడి దగ్గర మొదలుపెట్టండి: బాస్ వేటకు లైను, రాడ్, పడవ

నేను బాస్ అనే మంచినీటి చేపల పిచ్చిలో పడి పధ్నాలుగేళ్లయింది. అందులో మొదటి మూడేళ్లూ అంతా తలకిందులుగా నడిచింది. ముందు పడవ కొన్నాను. ఆ తర్వాత పడవలో వరసగా పేర్చుకుంటే చూడముచ్చటగా ఉంటాయని రాడ్‌లు, అంటే గాలపు కర్రలు కొన్నాను. లైను, అంటే గాలపు దారం మాత్రం రీలు మీద ఏది చుట్టి వస్తే అదే. ఆ మూడేళ్లలో చేతిదాకా వచ్చి జారిపోయిన చేపల్లో ఒక్కటి కూడా పడవ బాగాలేక పోలేదు. దాదాపు అన్నీ లైను చివరి మూడడుగుల్లోనే పోయాయి.

ఒకటి ఇప్పటికీ కళ్లముందే ఉంది. తెల్లవారుజామున, నీళ్లలో పడిపోయిన చెట్టు పక్కన జిగ్ (బరువైన తల ఉన్న కృత్రిమ ఎర) వేశాను. అది ఇంకా అడుగుకు దిగుతుండగానే లైను తనంతట తానే పక్కకు నడిచింది. గట్టిగా లాగాను. చేప పైకి లేచి, నా పిడికిలి దూరేంత నోరు తెరిచి, తల రెండుసార్లు విదిలించింది. అంతే, రాడ్ తేలికైపోయింది. లైను చుట్టి కొస చూసుకుంటే స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంది.

ఆ మెలికలు ఏం చెబుతాయో అప్పుడు నాకు తెలియదు. లైను పోయిన ప్రతిసారీ తిట్టుకోవడానికి ముందు కొస చూడండి. మెలికలు తిరిగి ఉంటే ముడి జారింది, తప్పు మీదే. గరుకుగా పీచులు లేచి ఉంటే రాయికో కొమ్మకో ఒరుసుకుంది. కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే పైక్ లాంటి పళ్లున్న చేప పని అయి ఉండొచ్చు. బాస్‌కి ఉండేవి గరుకు కాగితం లాంటి సన్న పళ్లు. అవి లైనును కోయవు, మెల్లగా అరగదీస్తాయి.

అందుకే ఎవరైనా కొత్తగా వచ్చి ఏం కొనాలని అడిగితే ముందు లైను, తర్వాత రాడ్, అన్నిటికన్నా చివర పడవ అంటాను.

లైను కంటే ముందు ఒక ప్రశ్న ఉంది: మీరు ఎర వేసే చోట నీళ్లలో ఏముంది? లార్జ్‌మౌత్ బాస్‌కి నాచు, తామరాకులు, మునిగిన చెట్లు, నిలకడ నీళ్లు ఇష్టం. స్మాల్‌మౌత్‌కి చల్లటి తేట నీళ్లు, రాళ్లు, కాస్త ప్రవాహం కావాలి. రెండూ బాసే, కానీ ఒకదానికి పనికొచ్చే లైను రెండోదానికి పనికిరాకపోవచ్చు.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది. లార్జ్‌మౌత్ ప్రపంచ రికార్డు 22 పౌండ్ల 4 ఔన్సులు. 1932లో అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టింది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టినది ఒక్క ఔన్సు ఎక్కువ తూగినా, కొత్త రికార్డుకు కనీసం రెండు ఔన్సుల తేడా ఉండాలన్న నియమం వల్ల ఇద్దరూ సమానమయ్యారు. అంటే మనిషి గాలానికి పడిన అతి పెద్ద లార్జ్‌మౌత్ పదికిలోల పైచిలుకు. మరి 65 పౌండ్ల లైను, అంటే అంత బరువుతో లాగితేగానీ తెగనిది, ఎవరికోసం అమ్ముతున్నారు? చేప కోసం కాదు, నాచు కోసం. నాలుగు పౌండ్ల చేప తామర కాడల్లోకి దూరి రెండు చుట్లు తిరిగిందంటే, మీరు లాగేది నాలుగు పౌండ్లు కాదు, దాని నెత్తిమీదున్న నాచు మోపు మొత్తం.

లైన్లు మూడు రకాలు. మోనో అంటే ఒంటిపోగు నైలాన్. 1938లో డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌ను ప్రకటించాక కొద్దికాలానికే గాలపు లైనుగానూ వచ్చింది. సాగుతుంది, ముడి బాగా పడుతుంది, నీళ్లలో చాలా నెమ్మదిగా మునుగుతుంది. ఆ సాగే గుణాన్ని లోపం అని కొట్టిపారేస్తారు గానీ, కొత్తవాళ్లకు అదే రక్ష. అదిరిపడి ఎక్కువ బలంతో లాగినా సాగి సర్దుకుంటుంది. నీళ్లు పీల్చుకుంటుంది, ఎండకు పాడవుతుంది. కాబట్టి సీజనుకోసారి మార్చేయాలి.

ఫ్లోరోకార్బన్ చూడ్డానికి మోనోలాగే ఉంటుంది కానీ గుణం వేరు. సాంద్రత, నీటిది 1 అనుకుంటే, సుమారు 1.78, అంటే త్వరగా మునుగుతుంది. నైలాన్‌ది 1.14 మాత్రమే. కాంతిని వంచే గుణంలో కూడా నీటికి దగ్గర: నీటిది 1.33, ఫ్లోరోది 1.42, నైలాన్‌ది 1.5 పైన. అందుకే తేట నీళ్లలో తక్కువగా కనిపిస్తుంది. కనపడనే కనపడదని ప్యాకెట్ మీద రాసేది మాత్రం నమ్మకండి. అసలు సాగదు అన్నది కూడా అంతే, సాగుతుంది. దీని అసలు బలం రాళ్లకు ఒరుసుకున్నా తట్టుకోవడం, అడుగున ఏం జరుగుతోందో చేతికి చెప్పడం. మునిగే లైను కాబట్టి నీటిపైన ఆడించే పాపర్ (లాగితే మూతితో నీళ్లు చిమ్మే ఎర)కి కట్టకండి. దాని మూతిని కిందికి లాగేస్తుంది. ఒక వేసవి సాయంత్రమంతా నా పాపర్ ఎందుకు ఉమ్మడం లేదా అని తల బద్దలుకొట్టుకున్నాను, ల్యూర్ (కృత్రిమ ఎర) రెండుసార్లు మార్చాను. తప్పు దానిది కాదు.

బ్రెయిడ్ అంటే పాలిథిలీన్ పోగులతో అల్లిన లైను. తేలుతుంది, దాదాపు సాగదు, లావు చాలా తక్కువ. 30 పౌండ్ల బ్రెయిడ్, 8 పౌండ్ల మోనో ఇంచుమించు ఒకే లావు, సుమారు 0.28 మిల్లీమీటర్లు. అందుకని లైను చుట్టి అమ్మే స్పూల్ మీద పౌండ్ల అంకె ఒక్కటే చూసి కొనకండి, పక్కన మిల్లీమీటర్లలో ఉన్న లావు కూడా చూడండి. బ్రెయిడ్ నాచు కాడలను కత్తిలా కోస్తుంది, కానీ బిగుతుగా ఉన్నప్పుడు పదునైన రాయి తగిలితే పుటుక్కున పోతుంది. చేతికి చుట్టుకుని లాగితే వేలు కూడా కోస్తుంది. కొమ్మకు చిక్కుకుంటే చిన్న కర్రకు చుట్టి లాగండి. నా కుడి చూపుడువేలి మీది గీత చూసినవాళ్లు మళ్లీ చేత్తో లాగరు.

నేను వాడేది ఇది. స్పిన్నింగ్ రీలు (రాడ్ కింద వేలాడే రకం) మీద 10 లేదా 15 పౌండ్ల బ్రెయిడ్, దాని చివర ఎనిమిది అడుగుల 8 పౌండ్ల ఫ్లోరో లీడర్, అంటే ఎర వైపు కట్టే లైను ముక్క. చిన్న ప్లాస్టిక్ పురుగులు, డ్రాప్‌షాట్ (కింద బరువు, పైన హుక్ కట్టే పద్ధతి), తేట నీళ్లు అన్నీ దీని మీదే. జిగ్‌లకు, టెక్సస్ రిగ్‌కు (హుక్ మొన ప్లాస్టిక్ పురుగులో దాచి కట్టేది) 15 పౌండ్ల ఫ్లోరో. క్రాంక్‌బెయిట్‌కు (లాగుతుంటే ఊగుతూ మునిగే చేప బొమ్మ) 10 లేదా 12 పౌండ్ల ఫ్లోరో. నీటిపై ఆడేవాటికి 15 పౌండ్ల మోనో. తామరాకుల మీద బొమ్మ కప్పకైతే లీడర్ ఏమీ లేకుండా నేరుగా 65 పౌండ్ల బ్రెయిడ్. అక్కడ లైను కనిపిస్తుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు, ఆకుల కింద నుంచి చేపకు కనిపించేది కప్ప నీడ. ఒక్క స్పూలే కొనగలను అంటారా, 10 పౌండ్ల మోనో తీసుకుని రెండు నెలలు ఆడండి.

బ్రెయిడ్‌ను రీలులోని నున్నటి స్పూల్ మీద నేరుగా చుట్టకండి. ముడి ఎంత బిగించినా లైను మొత్తం ఒక ముద్దలా స్పూల్ మీద జారుతుంది, చేపేమో వెళ్తూనే ఉంటుంది, మీరు హ్యాండిల్ తిప్పుతూనే ఉంటారు. అడుగున పది పదిహేను చుట్లు మోనో వేసి దాని మీద చుట్టండి. స్పిన్నింగ్ రీలు స్పూల్ అంచుకు మూడు మిల్లీమీటర్లు తక్కువగా నిండాలి. అంతకన్నా నింపితే వేసిన ప్రతిసారీ కుప్పలుగా ఊడిపడుతుంది. ఎర వేశాక రీలు పైన ఉండే తీగ వంపును హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తోనే మూయండి, మెలికలు తగ్గుతాయి.

ఇక ముడి. ఎన్నో ఉన్నాయి, కానీ పాలోమార్ ఒక్కటి కళ్లు మూసుకుని వేయగలిగితే చాలు. అరడుగు లైనును రెండు వరసలుగా మడవండి. ఆ మడతను హుక్ కంట్లోంచి దూర్చండి. మడతతోనే ఒక మామూలు ముడి వదులుగా వేయండి, బిగించకండి. ఇప్పుడు మడత చివరున్న ఉచ్చులోంచి హుక్‌ను పూర్తిగా దాటించండి. ఉచ్చు హుక్ కంటి పైకి వచ్చాక నోట్లో పెట్టి తడిపి, అసలు లైను, కొస రెండూ కలిపి నెమ్మదిగా లాగండి. ఎండుగా లాగితే రాపిడికి వేడి పుట్టి ఫ్లోరో అక్కడే బలహీనమవుతుంది. బిగిసే చోట లైను తెల్లగా మారినా, నొక్కు పడినా కోసేసి మళ్లీ వేయండి. రెండు పోగులు ఒకదానిమీద ఒకటి దాటకుండా పక్కపక్కనే పడుకోవాలి. నా చేప పోయింది ఇక్కడే: పోగులు దాటి ఉన్నాయి, కొస మరీ పొట్టిగా కోశాను. బ్రెయిడ్‌కు లీడర్ కలపడానికి మొదట్లో డబుల్ యూనీ నేర్చుకోండి. ఎఫ్‌జీ ముడి సన్నగా, రాడ్ రింగుల్లోంచి చప్పుడు లేకుండా పోతుంది, కానీ చలికి వేళ్లు బిగుసుకున్న ఉదయం ఊగే పడవలో అది వేయడం నా వల్ల కాదు.

చేప పడ్డాక, రాయికి తగిలాక, చివరి మూడడుగుల లైనును రెండు పెదాల మధ్య పెట్టి మెల్లగా లాగండి. వేళ్లకు తెలియని గరుకు పెదాలకు తెలుస్తుంది. గరుకు తగిలిన చోటికి పైనే కోసి మళ్లీ కట్టాలి. బద్ధకం వేస్తుంది, ముఖ్యంగా చేపలు వరసగా పడుతున్నప్పుడు. అలా బద్ధకించినప్పుడే పోతాయి.

రాడ్ దగ్గర రెండు మాటలు కలిపేసి తికమకపడతారు: పవర్, యాక్షన్. పవర్ అంటే వంచడానికి ఎంత బలం కావాలన్నది, లైట్ నుంచి హెవీ దాకా. యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందన్నది. ఫాస్ట్ అయితే కొస దగ్గరే వంగుతుంది, మోడరేట్ అయితే సగం దాకా వంగుతుంది. ఇంట్లోనే చూడొచ్చు: ఒకరిని రాడ్ కొస మెత్తగా పట్టుకోమని, మీరు పిడి పట్టుకుని కాస్త పైకెత్తండి. వంపు ఎక్కడ మొదలైందో అదే యాక్షన్, చేతికి ఎంత బరువు తెలిసిందో అదే పవర్. పిడికి కాస్త పైన లైను ఎన్ని పౌండ్లు, ల్యూర్ ఎన్ని ఔన్సులు అని అంకెలు రాసి ఉంటాయి. కొనేటప్పుడు అందరూ రంగు చూస్తారు, ఆ అంకెలు చూడరు. పావు ఔన్సు నుంచి ఒక ఔన్సు దాకా అని రాసిన రాడ్‌తో ఔన్సులో పదహారో వంతు ల్యూర్ వేస్తే అది మీ కాళ్ల దగ్గరే పడుతుంది.

మెత్తటి రాడ్ ఎందుకు కొంటారని నేనూ నవ్వినవాణ్నే. క్రాంక్‌బెయిట్‌కు రెండు గాలాలు ఉంటాయి, ఒక్కోదానికి మూడేసి సన్నటి ముళ్లు. చేప నోటి అంచుకు ఎక్కడో గుచ్చుకుంటాయి. గట్టి రాడ్‌తో విసురుగా లాగితే ఆ చిన్న రంధ్రం పెద్దదై ఊడిపోతుంది. మోడరేట్ రాడ్ వంగి ఊరుకుంటుంది, చేప తల విదిలించినా లైను వదులవదు. జిగ్‌కు దీనికి సరిగ్గా వ్యతిరేకం. దానికి ఉండేది ఒక్కటే ముల్లు, లావాటిది, పైన నాచు అడ్డుకునే కుచ్చు. బాస్ దవడ ఎముకలోకి దిగాలంటే కొస బిగువుగా ఉండాలి. అందుకే జిగ్‌కు మీడియం హెవీ ఫాస్ట్, ఏడడుగులు. మొదటి రాడ్ కూడా అదే కొనండి, ప్లాస్టిక్ పురుగులు, స్పిన్నర్‌బెయిట్ (రేకులు గిరగిరా తిరిగే ఎర) అన్నీ దానితో నడుస్తాయి. రెండోది ఏడడుగుల మీడియం లైట్ లేదా మీడియం స్పిన్నింగ్. ఈ రెండూ ఉంటే మూడోదాని గురించి ఏడాది దాకా ఆలోచించక్కర్లేదు. నా దగ్గర పదకొండు ఉన్నాయి, వాడేవి నాలుగు.

కొనేముందు మీ రీలు బిగించి చూడండి. రీలు ముందు ఒక వేలి మీద అడ్డంగా ఆనించి చూస్తే రాడ్ ముక్కు మరీ కిందికి వాలకూడదు. వాలితే సాయంత్రానికి మణికట్టు చెబుతుంది. రింగులన్నిటిలోంచి కాస్త దూది తిప్పండి. ఎక్కడైనా పోగు చిక్కుకుందంటే లోపలి పింగాణీ చిట్లింది, కొత్త లైను ఎంత మంచిదైనా అక్కడ చీలికలవుతుంది. పాత రాడ్ కొంటే ఈ పరీక్ష మరీ ముఖ్యం.

రాడ్‌లు చేప వల్ల విరగడం నేను చూసింది తక్కువ. కారు తలుపు, సీలింగ్ ఫ్యాన్, కిందపడేసిన టాకిల్ (గాలం సామాన్ల) పెట్టె, ఇవే ఎక్కువ విరుస్తాయి. ఇంకొకటి, చేపను పడవ పక్కకు తెచ్చాక రాడ్‌ను నిటారుగా ఎత్తి పైకి లాగడం. అప్పుడు బరువంతా సన్నటి కొస మీద పడుతుంది. రాడ్ కోణం తగ్గించి వల పెట్టండి. కార్బన్ రాడ్‌లో కరెంటు పాకుతుంది కాబట్టి ఉరుము వినపడితే చేతిలోది కింద పెట్టి ఒడ్డుకు రావాల్సిందే. చేపలు బాగా పడేది కూడా సరిగ్గా అప్పుడే, ఏం చేస్తాం.

రీలు గురించి రెండు ముక్కలు. బెయిట్‌కాస్టర్‌తో (రాడ్ పైన ఉండే, స్పూలే తిరిగే రీలు) మొదటి వారం మీరు పట్టేది చేపలను కాదు, చిక్కుపడ్డ లైను పిచ్చుక గూళ్లను. స్పూల్ పక్కనున్న బిగింపును ఎలా సరిచేయాలంటే, బటన్ నొక్కి వదిలితే ల్యూర్ నెమ్మదిగా దిగాలి, నేలను తాకిన క్షణంలో స్పూల్ ఆగాలి. బ్రేక్ మొదట్లో ఎక్కువే పెట్టండి. ల్యూర్ నీళ్లను తాకే ముందు బొటనవేలు స్పూల్ మీద ఆనించడం అలవాటయ్యేదాకా మోనోనే వాడండి, గూడు విప్పడం తేలిక. డ్రాగ్‌ను, అంటే చేప గట్టిగా లాగితే రీలు లైను వదిలే బిగింపును, లైను బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా, స్ప్రింగ్ త్రాసు కట్టి లాగి పెట్టుకోండి. 12 పౌండ్ల లైనుకు మూడు నాలుగు పౌండ్లు.

ఇప్పుడు పడవ. ముందు ఒక సీజను ఒడ్డు నుంచే వేయండి. మాట దాటవేయడానికి చెప్పడం లేదు. ఒడ్డున గాలి ఎటు వీస్తే చేప ఎటు చేరుతుందో, నీడ ఎక్కడ పడుతుందో తెలియనివాడికి పడవ ఇస్తే, తెలియనితనాన్ని ఇంకా దూరం మోసుకెళ్తాడు. అది నేల విడిచి సాము చేయడమే.

రెండు మూడు రకాల పడవలు అద్దెకో స్నేహితుడితోనో ఎక్కి చూశాక, చాలామందికి సరిపోయేది కయాక్, అంటే ఒక్కరు నడుపుకునే సన్నటి చిన్న పడవ. పది నుంచి పన్నెండడుగుల పొడవు, పైన కూర్చునే రకం. నిలబడి వేయాలనుకుంటే మూడడుగులకు దగ్గరగా వెడల్పు ఉండాలి. కాళ్లతో తొక్కే రకమైతే చేతులు ఖాళీగా ఉంటాయి, గాలిలో ఆ తేడా అంతా ఇంతా కాదు. రాడ్ పిడి పొడవైతే కయాక్‌లో లైఫ్‌జాకెట్‌కు తగులుతూ ఉంటుంది, కొనేటప్పుడు జాకెట్ వేసుకునే చూడండి. చిన్న చెరువులు, లోతు తక్కువ నీళ్లు, ఇద్దరు మనుషులు అయితే జాన్ బోట్. చదును అడుగు, అల్యూమినియం. జానెడు నీళ్లుంటే పోతుంది, కానీ అలల మీద టపటపా కొడుతుంది. పెద్ద సరస్సులకు వి ఆకారం అడుగున్నదే నయం. అల్యూమినియం పడవలో పట్టకారు జారిపడితే అడుగంతా గంటలా మోగుతుంది, బాస్‌కి పక్కల ఉండే గీత ఆ కదలికను పసిగడుతుంది. అడుగున ఏదైనా చాప, రబ్బరు, కార్పెట్ పరవండి.

మెరిసే ఫైబర్‌గ్లాస్ బాస్ బోట్ ఎందుకు అలా ఉంటుందో తెలిస్తే అది మీకు కావాలో వద్దో తేలిపోతుంది. 1967లో అమెరికాలో రే స్కాట్ అనే ఆయన బీవర్ లేక్ మీద పెట్టిన పోటీ నుంచి బాస్ వేట ఒక ఆటగా పుంజుకుంది, మరుసటి ఏడాదే ఫారెస్ట్ వుడ్ రేంజర్ బోట్లు మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఈ బోట్లు పోటీల చుట్టూనే పెరిగాయి. 200 హార్స్‌పవర్ మోటారు ఎందుకంటే మంచి చోటికి పక్కవాడికన్నా ముందు చేరాలి. పెద్ద నీళ్ల తొట్టి ఎందుకంటే చేపలను తూకం దాకా బతికించాలి. పోటీ లేకపోతే ఈ రెంటిలో సగం మీకు బరువే. నేను మొదట కొన్నది అలాంటిదే, రెండేళ్లలో అమ్మేశాను. ఇప్పుడున్నది పదహారడుగుల అల్యూమినియం, 25 హార్స్‌పవర్.

పడవ మీద ఎంతమంది, ఎంత బరువు అని చిన్న పలక ఉంటే దాన్ని గౌరవించండి. లేకపోతే అడుగుల్లో పొడవును వెడల్పుతో గుణించి 15తో భాగిస్తే, జంట పడవ కాని మామూలు చిన్న పడవకు వచ్చేది మనుషుల లెక్క. పడవ ముందు భాగంలో పెట్టే ట్రోలింగ్ మోటారుకు (బ్యాటరీతో నడిచే చిన్న మోటారు), పడవ, మనుషులు, బ్యాటరీ, సామాను అంతా కలిపి ప్రతి 100 పౌండ్లకు కనీసం 2 పౌండ్ల తోపు ఉండాలి. 1,500 పౌండ్లయితే 30. గాలి లెక్క వేసుకుని నేను 55 పెట్టాను, ఒక 12 వోల్ట్ బ్యాటరీతో దాదాపు అంతవరకే వస్తుంది. మీరు నీళ్లలో పడితే మోటారు ఆపే తాడు ఒంటికి తగిలించుకోండి. అమెరికాలో ఆ స్విచ్ ఉన్న 26 అడుగుల లోపు బోట్లలో, వేగంగా వెళ్లేటప్పుడు అది 2021 నుంచి తప్పనిసరి. లైఫ్‌జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. చల్లటి నీళ్లలో పడ్డవాడికి దాన్ని వెతికే ఊపిరి ఉండదు.

వేట అయ్యాక పడవ అడుగు బిరడా తీసి నీళ్లన్నీ కార్చి, ఎండబెట్టండి. జీబ్రా మస్సెల్ లాంటి ఆల్చిప్పలు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పాకే దారుల్లో ఆ మిగిలిన నీళ్లు ఒకటి. ఆ బిరడా మళ్లీ పెట్టడం మర్చిపోవడం కూడా ఇక్కడే మొదలవుతుంది. కొత్త పడవతో రెండోసారి దిగినప్పుడు, ట్రైలర్ పక్కన పెట్టి వచ్చేసరికి చీలమండల దాకా నీళ్లు. నా కొత్త రాడ్‌లు అందులో తేలుతున్నాయి. ర్యాంప్ మీద వరసలో ఉన్నవాళ్లు ఎవరూ నవ్వలేదు, అందరికీ ఒకసారి అయినట్టే ఉంది. అప్పటినుంచి బిరడాను కారు తాళాల గుత్తికే తగిలిస్తున్నాను. పడవ దింపి కారు ఆపినప్పుడు జేబులో అది తగిలిందంటే, పరుగెత్తాలి.